ఎవరి తాలూకు?

వాన కోసం లోపలికెళ్ళాను, న్యాయం కోసం కాదు.
ఆ మాట ముందే ఒప్పుకుంటే
నా చేత ప్రమాణం చేయించే పని తప్పుతుంది.

ఊరి పేరు హల్.
అచ్చు దొరకని హల్లులా
మూడేళ్ళుగా దాని నోట్లో ఆగిపోయి ఉన్నాను,
రాత్రిళ్ళు చేపల ఫ్యాక్టరీలో, తెల్లారితే బస్టాపులో.

గుమ్మం దగ్గర గార్డు నా డబ్బా మూత తీశాడు.
పులిహోర.
వాసన చూసి, తిరిగి మూత పెట్టి,
తినొద్దు, మాట్లాడొద్దు, ఫోన్ ఆపెయ్ అన్నాడు.
టికెట్ ఎంతని అడిగితే నవ్వాడు.
"ఎవరైనా రావచ్చు, లవ్."
ఇక్కడ కూరగాయలమ్మేవాడూ అలాగే పిలుస్తాడు.

గోడ మీద ఆ రోజు పేర్లు,
పదో తరగతి రిజల్ట్సులా.
నా పేరు వెతికాను, అలవాటు కొద్దీ.

నల్ల గౌనావిడ ఎదురొచ్చింది:
"మీరు ఎవరి తాలూకు?"
ఎవరి తాలూకూ కాదు.
"అయితే పబ్లిక్," అని తలుపు తెరిచింది.
అప్లికేషన్ పెట్టకుండా
ఈ దేశంలో నాకు దొరికిన మొదటి హోదా.

మూడో వరసలో మోరీన్ స్టాథర్స్.
రిటైరైన దగ్గర్నుంచీ వారానికి రెండు రోజులు వస్తుందట.
అల్లిక సూదులు గార్డు తీసుకున్నాడు గనక
ఒళ్ళో ఉత్త వేళ్ళు అల్లుకుంటున్నాయి, ఊలు లేని స్వెటరేదో.
జడ్జి వస్తే లేవాలి,
వెళ్ళేటప్పుడు ఆయన నెత్తి మీది
సింహానికీ ఒంటికొమ్ము గుర్రానికీ తల వంచాలి,
గుసగుసగా నేర్పింది, గుడికి కొత్తగా వచ్చినదాన్ని చూసినట్టు చూసి.

అద్దం వెనక కుర్రాడు. కీరన్ ఔత్‌వెయిట్.
చర్చి కప్పు మీది సీసం ఊడదీసి అమ్ముకున్నాడు.
పంతొమ్మిదేళ్ళు. చొక్కా అరువుదేమో, మెడ దగ్గర వదులు.
పేరు పిలవగానే జడ్జి వైపు కాదు
మా వైపు తిరిగాడు.
మొదటి వరస చూశాడు. రెండోది చూశాడు.
తర్వాత మోరీన్‌ని. తర్వాత నన్ను.
కాసేపు ఆగాడు నా దగ్గర,
ఎవరి తాలూకు అన్నట్టు.

మా మేనత్త అనేది:
ఓడినవాడు కోర్టులో ఏడిస్తే
గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని.
ఊరికే చూడ్డానికి వెళ్ళినవాళ్ళ సంగతి
ఆవిడ చెప్పలేదు.

పద్నాలుగు నెలలు.
విగ్గు కింద ముసలి గొంతు అది చదువుతుంటే
బయట ఎవరో కుర్చీ ఈడ్చారు.
మెట్లు దిగే ముందు వాడు
కడ్డీ మీంచి రెండు వేళ్ళు లేపాడు.
మోరీన్‌కో, నాకో, ఖాళీ వరసలకో.
నా చెయ్యి సగం దాకా లేచింది.
మాట్లాడొద్దన్నారు గానీ
చెయ్యి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

తల వంచడం మరిచిపోయాను.

వాన ఎప్పుడో వెలిసింది.
మోరీన్ సూదులు తీసుకుని, మెట్ల మీదే
తప్పిన కుట్టు వెతుక్కుంటూ అంది:
"రేపు రెండో నంబరు కోర్టు. దొమ్మీ కేసు. పదింటికి."
నైట్ డ్యూటీ అన్నాను.
"అయితే నిద్రపోకుండా రా."

బస్టాపులో డబ్బా తెరిచాను.
ఎండుమిరపకాయ ఏరి పక్కన పెడతాను ఎప్పుడూ.
ఇవాళ కొరికాను.