దొర గుట్ట

మా ఊళ్ళో నేల పీట వేసినట్టుంటుంది.
చెంబుడు నీళ్ళు ఒంపితే
ఎటు పోవాలో తెలీక కాసేపు ఆలోచిస్తాయి.
అలాంటి చోట దొరకి కొండ కావాల్సొచ్చింది.

పేరు పార్కిన్సన్. మావాళ్ళ నోట్లో పరిగె దొర.
పంచదార మిల్లు లాభాలతో కాలవ గట్టున మేడ కట్టాడు,
ఇరవై నాలుగు కిటికీలు, ఓ పొగగొట్టం.
ఇక్కడ చలి ఎవడు కాచుకుంటాడని
తాపీవాళ్ళు నవ్వుకుంటూనే కట్టారు.
గొట్టంలో పిచ్చుకలు కాపరం పెట్టాయి.

తోటకి కంచె కనపడకూడదట.
వరండాలోంచి చూస్తే పచ్చిక అలా అలా పోయి
వరిచేలో కలిసిపోవాలట,
అదీ తనదే అన్నట్టు.
అందుకని చుట్టూ నిలువెత్తు గొయ్యి,
దగ్గరికెళ్తే గానీ తెలీదు.
వాళ్ళ భాషలో దాని పేరు హాహా అని బట్లరు చెప్పాడు.
పంపనోళ్ళ చూడి గేదె అందులో పడ్డ రాత్రి
మేమూ ఆ మాటే అన్నాం,
మా భాషలో.

కొండని మాత్రం మా తాతమ్మ మోసింది.
గుబ్బల నూకాలు. పది తట్టలకి దమ్మిడీ.
చెరువు తవ్విన మన్ను అది, వంకర చెరువు.
తిన్నగా తవ్వితే ఒప్పుకోడు,
దేవుడు తవ్వినట్టుండాలన్నాడు.
"దేవుడైతే కూలి అడగడుగా" అందట నూకాలు.
రెండు వేసవులకి
గుట్ట తాటిచెట్టులో సగం లేచింది.
పైన రాతి మంటపం, లోపల ఏ దేవుడూ లేడు.
సాయంత్రాలు దొరసాని కూర్చుని
కనపడని కొండల్ని బొమ్మలు వేసుకునేది.

ఆ శ్రావణంలో గట్టు తెగింది.
దొరలు పడవెక్కి వెళ్ళిపోయారు.
ఊరంతా గుట్టెక్కింది,
కోళ్ళతో, కుంపట్లతో, నిండు నెలల నూకాలుతో.
మూడు రాత్రులు.
గడ్డిలో పాములు, మనుషులు,
ఎవరి జోలికి ఎవరూ పోలేదు.
మంటపంలో మా అమ్మమ్మ పుట్టింది.
నొప్పుల మధ్య నూకాలు కింది మట్టిని తడిమి
"ఇది నా తట్టే" అందట.
ఎలా తెలిసిందో ఎవరూ అడగలేదు.

మేడ ఇటుకలు ఎవరెవరి గోడల్లోనో ఉన్నాయి.
పచ్చికని నేను చాపల్లా చుట్టి
లారీల్లో హైదరాబాదు పంపుతుంటాను.
మొన్న లేఅవుట్ వాళ్ళొచ్చారు,
పల్లం పూడ్చాలి, గుట్ట మట్టి కావాలన్నారు.
టిప్పరుకింత అన్నారు.

తట్టల లెక్కన చెప్పండి అన్నాను.

కుర్రాడు ఫోను తీసి
ఇంకా లెక్క వేస్తూనే ఉన్నాడు.