అటువైపు తలుపు

చకావో ఒడ్డుకు ఫెర్రీ ఆనింది.
ఇనుప నాలుక చాచినట్టు ర్యాంపు దిగింది.
అందరికంటే ముందు నా డాట్సన్.
దాని వెనక పాల ట్యాంకరు, రెండు బస్సులు,
పెళ్లికి పోతున్న ఒక బ్యాండు మేళం.

తాళంచెవి తిప్పాను.
బండి పలకలేదు. చెయ్యి మాత్రం తేలిగ్గా తిరిగింది.
చూసుకుంటే వేళ్ల మధ్య తల మిగిలింది,
మొండెం లోపలే ఉండిపోయింది.

హారన్లు.
ట్యాంకరు డ్రైవరు మా అమ్మను తలుచుకున్నాడు.
ఆవిడే ఉంటే వాడి నోరు లేచేది కాదు.
స్టీరింగు బిగుసుకోలేదు, అదొక్కటే అదృష్టం.
డెక్కు మీది కుర్రాళ్లు ఆరుగురు వానలో తోశారు.
బాకా ఊదేవాడు బాకా చంకన పెట్టుకుని ఏడోవాడయ్యాడు.
నలభై ఏళ్లు నేను నడిపిన బండి
పండగనాటి సెయింటు బొమ్మలా
పరాయి భుజాల మీద ద్వీపంలోకి దిగింది,
అమ్ముడుపోని వెల్లుల్లి గోతాలతో సహా.

రెండో రోజు ఆంకూద్ నుంచి బస్సులో వచ్చాడు
బాల్తసార్ నావెల్కీన్.
బిస్కట్ల డబ్బా నిండా సామాను.
విరిగిన ముక్కను సన్న రంపపు బ్లేడుతో లాగాడు,
చంటిదాని గొంతులో చేపముల్లు తీసినంత ఓపిగ్గా.
రెండు ముక్కలూ అరచేతిలో కలిపి చూసి
"దీన్ని చూసి కోస్తే అరుగుదలనే కోసినట్టు.
పుట్టినప్పటి కొలత కావాలి" అన్నాడు.

ఆ కొలత అటువైపు తలుపులో దొరికింది.
లోపలి అట్ట విప్పి, తాళాన్ని ఊడదీసి
నూనె గుడ్డతో తుడిస్తే
నాలుగంకెలు, నిన్న కొట్టినట్టు.
"దీన్ని ఎవరూ తిప్పనే లేదే!"
నిజమే. అటువైపు ఎక్కేవాళ్లకి
నేనే వంగి లోపల్నించి తీసేదాన్ని.
బడి పిల్లలకి, పురిటి నొప్పుల్లో ఉన్న మరీసెల్‌కి,
ఒకసారి కాలు విరిగిన గొర్రెకి,
కొన్నాళ్లు, ఎందుకులే, ఒక వడ్రంగికి.

అంకెల్ని బట్టి చేతి మిషనుతో కొత్తది కోశాడు.
ఇత్తడి మెరుపు. పాలపళ్లంత పదును.
అటువైపు తలుపు మొదటి పిలుపుకే తెరుచుకుంది.
ఇంజను తాళం మాత్రం పెడచెవిన పెట్టింది.
తిప్పాడు, బతిమాలాడు, గ్రాఫైటు పొడి ఊదాడు.
ఊహూఁ.

"తప్పు కోశావా?"
"సరిగ్గా కోశాను. అదే తప్పు.
ఇదీ ఆ పాతదీ ఇన్నేళ్లూ
ఒకదాన్నొకటి కొరుక్కు తిన్నాయి.
కంపెనీవాడి భాష దీనికిప్పుడు గుర్తు లేదు."

ఆకురాయి తీశాడు.
మూడు రాపిళ్లు, ఒక తిప్పు.
రెండు రాపిళ్లు, ఒక తిప్పు.
మధ్యలో స్టీరింగుకు చెవి ఆనించి వినడం.
నేను మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపడం.
వయసు ఎక్కించే పని నేనెప్పుడూ చూడలేదు,
దించమనే కదా అందరూ డబ్బులిచ్చేది.
సీటు మీద ఇత్తడి పొడి రాలింది.
నలభై ఏళ్లు, ఊడిస్తే చిటికెడు కూడా లేవు.

బండి దగ్గింది, ఉమ్మింది, అందుకుంది.
రోడ్డు మీది కుక్క లేచి పక్కకు పోయింది.

ఇక ఆ చెవికి అటువైపు తలుపు తెరుచుకోలేదు!
బాల్తసార్ నవ్వలేదు.
ఇంకో బిళ్ల తీసి, ఆ అంకెల ప్రకారమే,
ఈసారి రాపిడి లేకుండా, మళ్లీ కోసిచ్చాడు.
దానికి డబ్బులొద్దన్నాడు.
వెల్లుల్లి తీసుకున్నాడు, అరగోతాం.

సాయంత్రం బస్సు తప్పిపోయింది అతనికి.
ఆంకూద్ దాకా దింపుతానన్నాను.
అటువైపు నిలబడ్డాడు, డబ్బా నెత్తిన పెట్టుకుని,
అంచుల వెంట వాన కారుతుండగా.
అలవాటుగా సీటు మీదుగా వంగబోయాను.
ఆగాను.
దిగి, బానెట్టు చుట్టూ నడిచి వచ్చి
అతని పక్కన నిలబడి
బయటినుంచి తీశాను.
ఒక్క తిప్పు.