ఉప్పు షెడ్డులో ఎడమ మైదానం

రాత్రి రెండున్నర.
ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలి
రేకు తలుపుని అప్పులవాడిలా బాదుతోంది.
బయట మంచు తోసే లారీలు నాలుగూ
ఇంజన్లు ఆపకుండా పొగలు కక్కుతున్నాయి.
లోపల ఉప్పుగుట్ట పక్కన
హీటరుకి వీపులు కాచుకుంటూ మేం నలుగురం,
టీము ఇంకా కొనని మనిషిని
మాలో మేం పంచుకుంటున్నాం.

ఎడమ మైదానం ఖాళీ.
అక్కడ ఆరేళ్ళు నిలబడ్డవాడు
అక్టోబరులో కాంట్రాక్టు తీరగానే
ఎండలు కాసే ఊరికి వెళ్ళిపోయాడు.
వాడి నంబరు చొక్కా తెల్మా ఇంకా వదల్లేదు.
కోటు మీదే తొడుక్కుంటుంది,
వీపు మీది పేరుకి నల్ల టేపు అంటించి.

"క్విన్యోనెస్‌ని తేవాలి," అంటుంది తెల్మా.
"ఇరవై నాలుగేళ్ళవాడు. పరిగెత్తాడంటే
వాడి నీడ వెనకబడి, ఆయాసపడుతూ వస్తుంది."

"బంతి ముందు బ్యాటుకి తగలాలిగా పరిగెత్తడానికి,"
కజిమీర్ జుబెక్ థర్మాస్ మూత తిప్పుతూ అంటాడు.
"నిరుడు నూట తొంభై స్ట్రైకౌట్లు.
నీకు విసనకర్ర కావాలంటే తెచ్చుకో.
నాకు హాలిన్‌బెక్ చాలు.
తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆ ముసలాడు వచ్చి నిలబడితే
అవతల పిచ్చర్ ఊరికే టోపీ సర్దుకుంటాడు."

"మోకాలు లేనివాణ్ణి గడ్డిలో నాటి
పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తావా?"

నాది ఇక్కడ రెండో చలికాలం.
మాట్లాడకుండా ఉండాల్సింది.
"మన కుర్ర పిచ్చర్లు ఇద్దర్నీ ఇచ్చేసి
పడమటి తీరం నుంచి ఒసాగీని మార్చుకుందాం," అన్నాను.
అంతే, ఇద్దరూ ఒక్కటైపోయారు.
ఆకలేసిందని విత్తనపు గింజలు
వండుకు తినే రకాన్నట నేను.

యజమాని జేబులో చెయ్యి పెట్టి
కోట్లు కోట్లుగా తీసి ఖర్చుపెట్టాం ఆ రాత్రి.
ఓవర్‌టైముకి గంటకో మూడు డాలర్లు పెంచమని
నవంబరులో మేం పెట్టిన అర్జీ
ఏ బల్ల మీద పడుందో తెలీదు.
దాని గురించి ఎప్పుడూ
ఇంత గట్టిగా అరుచుకోలేదు.

ఉప్పు బస్తా మీద కూర్చుని
బూటు లేసు కట్టుకుంటున్న ఓర్విల్ టిబ్స్
అప్పుడు నోరు విప్పాడు.
"ఎంత దూరమో చూశారా ఎప్పుడైనా?"

స్టేడియం పార్కింగు తోయడం ఓర్విల్ వంతు.
ఒక మూల దారిగుర్తు కోను పెట్టాడు, అది హోమ్ ప్లేటు.
బ్లేడు దించి, లారీ నడిపి,
తెల్లటి నేల మీద నల్లటి గీత లాగాడు.
లాగుతూనే ఉన్నాడు.
"నిలబడండి అక్కడ," అన్నాడు, మూడొందల అడుగులకి ఆగి.

నేను వెళ్ళి నిలబడ్డాను.
అక్కణ్ణుంచి కజిమీర్ అగ్గిపుల్లంత.
వాడేదో తిడుతున్నాడు,
నోటి దగ్గర ఆవిరి కనిపిస్తోంది గానీ
తిట్టు నా దాకా రావడం లేదు.
ఇంత ఖాళీలో ఒక్క మనిషి.
మేం సోఫాల్లో కూర్చుని
"పట్టలేవురా" అని అరిచింది ఇక్కడున్నవాణ్ణా?

ఓర్విల్ గడ్డకట్టిన ఉప్పుబెడ్డని ఎగరేసి
పారతో కొట్టాడు.
లైట్ల పైకి పోయింది, ఇక కనపడలేదు.
నేను అలాగే నిలబడిపోయాను.
పక్కనుంచి తెల్మా పరిగెత్తింది,
యాభై రెండేళ్ళ తెల్మా, అరమణుగు బూట్లతో.
జారింది, బోర్లా పడింది,
చెయ్యి మాత్రం పైకే ఉంది. అందులో బెడ్డ.

లేచాక ఆమె వీపు మీద టేపు ఊడి వేలాడుతోంది.
పేరు కనిపిస్తోంది.
ఎవరం చెప్పలేదు.

ఆరింటికి రేడియోలో వార్త.
మన టీము ఎట్టకేలకి సంతకం పెట్టించింది,
ఎడమచేతి పిచ్చర్‌తో.

చాలాసేపు వైపర్ల చప్పుడొక్కటే.
తర్వాత వాకీటాకీలో కజిమీర్ గొంతు:
"ఎడమ, ఎడమ అని అరిచాం కదా.
వాళ్ళకి అంతవరకే వినబడింది."

మళ్ళీ మంచు మొదలైంది.
ఓర్విల్ గీసిన గీత సగం పూడింది.
పార్కింగు రెండోసారి తోసే వంతు నాది.
కోను దగ్గరికి వచ్చి బ్లేడు కాస్త ఎత్తాను,
చుట్టూ తిరిగి పోనిచ్చాను.
వాకీటాకీలో తెల్మా దగ్గుతోంది,
"ఇంకా ఫిబ్రవరి ఉందిగా," అంటోంది,
"క్విన్యోనెస్ అయితే..."