ఎనిమిదిన్నర గంటల వాన

కంబదూరు మండలాఫీసు వెనక
ముళ్ళకంచె లోపల ఒక రేకు డబ్బా.
దాని కడుపులో సీసా,
పక్కన గీతలున్న గాజు గొట్టం.
పొద్దున ఎనిమిదిన్నరకి మూత తీసి
నిన్న ఆకాశం ఏమిచ్చిందో కొలిచి
రిజిస్టరులో రాసేది నా పని.
పదకొండేళ్ళలో నేను ఎక్కువగా రాసిన అంకె సున్నా.
దాన్ని చుట్టడంలో నా చేయి బాగా తిరిగింది.

బళ్ళో మా అయివారు ఆరు ఋతువులూ వల్లె వేయించేవాడు.
హేమంతం దగ్గర నా నాలుక మడత పడేది.
"మంచంటే ఎట్లుంటాది సార్?" అంటే
"పరీక్షలో రాయి, చాలు" అన్నాడు.
ఇంటికొస్తే మా అబ్బకు ఋతువులే తెలీవు,
ఆయన ఏడాదంతా కార్తెలే:
రోహిణికి రోళ్ళు పగలాల,
మృగశిరకు ముంగిలి చల్లబడాల,
ఆరుద్రకు గొర్రు కట్టాల.
వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి
స్వాతి దాటినాక చేయి దులిపేసేవాడు.
ఆ పైన ఉండేది కాలం కాదు, మిగులు.

ఉగాదినాడు ఆంజనేయస్వామి గుళ్ళో
పంతులు పంచాంగం విప్పుతాడు.
ఈ యేడు మూడు కుంచాల వానంట.
సముద్రానికి ఇన్ని పాళ్ళు, కొండలకు ఇన్ని,
నేలకు మిగిలినవి.
వెనక వరసలో కూచుని నవ్వుకుంటా:
కుంచాన్ని మిల్లీమీటర్లు చేసేది
కలెక్టరాఫీసులో కూడా ఎవరికీ రాదు.
ఆ మిగిలినవాటిలో కంబదూరు వంతెంతని
ఎవరూ అడగరు.
అడగకముందే పచ్చడి చేదుగా ఉంటుంది.

పోయినేడు, ఆశ్లేష.
శెనక్కాయ చెట్లకు ఊడలు దిగే వేళ.
ఊడ నేలను పొడవాలంటే నేల మెత్తగుండాల.
మధ్యాహ్నానికే ఆకులు ముడుచుకుని
దండం పెడుతున్నట్టు నిలబడేవి.
ఆ రాత్రి ఒకే ఒక మబ్బు
మందలోంచి తప్పిపోయిన మేకలాగా వచ్చి
ఆఫీసు మీద, టేషను మీద, బస్టాండు మీద
కురిసి పోయింది.
పొద్దున గొట్టంలో పద్దెనిమిది పాయింటు నాలుగు.
సున్నా వైపు పోబోయిన కలం ఆగింది.

తొమ్మిదికి మారెక్క వచ్చింది,
ఆరు కిలోమీటర్లు నడిచి,
కొంగున మట్టిగడ్డ కట్టుకొని.
నా బల్ల మీద పెట్టి గుప్పిటితో ఒక్కటేసింది.
లోపలంతా పిండి.
"ఇదీ మా చేను.
మీ డబ్బాలో పడింది మా మీద పడలేదు సామీ.
నువ్వు రాస్తే బీమావోళ్ళు
మాకూ పడిందంటారు.
రాయకుండా ఉండేకి కాదా?"

ఉన్నదాన్ని లేదనడం ఒక అబద్ధం.
ఇక్కడున్నది అక్కడా ఉందనడం ఇంకొకటి.
రెండోదానికి మాత్రం ఆఫీసు ముద్ర ఉంది.

రాసేసినా.
ఫోన్లో అనంతపురానికి చెప్పేసినా.
"బాగా కురిసింది కదన్నా" అన్నాడు అవతల పిల్లోడు.

కొలిచినాక నీళ్ళు పారబోయాల.
ఎప్పుడూ గోడవార కానుగ మొదట్లో పోస్తా.
ఆ పొద్దు మాత్రం ఆమె ముందుకు చాచినా.
దోసిలి పట్టింది.
తాగలేదు, మొకం కడుక్కోలేదు.
బల్ల మీది పిండి మీద
వేళ్ళ సందుల్లోంచి వదిలింది,
గొర్రు గిన్నెలో గింజలు వదిలినట్టు, తూకంగా.
మన్ను ఎర్రగా తేరుకుని వాసనేసింది.
దాన్ని మళ్ళీ ముద్ద చేసి, నొక్కి,
అక్కడే పెట్టి పోయింది.
తడి పాకి రిజిస్టరులో
ఆనాటి అంకె అలుక్కుపోయింది.
నేను దిద్దలేదు.

మఖకు రెండు మిల్లీమీటర్లు.
పుబ్బకు సున్నా. ఉత్తరకు సున్నా.
హస్తలో రెండు దినాలు దంచింది,
కట్టె పీకినాక.
బీమా రాలేదు, మారెక్కా రాలేదు.
పెద్ద కొడుకుతో బెంగళూరులో ఇటుకల పనికి పోయిందన్నారు.

ఆ గడ్డ నా సొరుగులో ఉంది,
నాలుగు వేళ్ళ గుంతలతో, రాయిలాగా.
గుండుసూదులు, పాత స్టాంపుల మధ్య.

రేపు మృగశిర.
పెన్నులో రీఫిల్లు మార్చినా.