గంటల పరుపు

షువైఖ్‌లో మా షాపు. బయట నలభై తొమ్మిది డిగ్రీలు.
షట్టర్ సగం దించి ఫోము కోస్తున్నాను.
ఒళ్ళంతా పసుపు పొడి, నలుగు పెట్టినట్టు.

ఆమె వంగి లోపలికొచ్చింది.
"నాలుగంగుళాల మందం, ఆరడుగుల పొడవు, మూడు బల్లలకండి."
మొండికేసిన కత్తిని నేను తిట్టిన తిట్టు విని
గుమ్మం దగ్గరే కనిపెట్టిందట, తెలుగువాణ్ణని.
నాది రాయచోటి. తనది రాజోలు అవతల.
పేరు కృపావరం. సాల్మియాలో ఒక ఇంట్లో
ముగ్గురు పిల్లల్ని పెంచుతుంది, తనవాళ్ళు కారు.

"మంచానికా? సోఫాకా?"
"గంటలకండి."

ముప్పై ఏళ్ళలో నేను పరుపు వేయనిది లేదు.
దివానియా దిండ్లు, పడవ సీట్లు,
ఒకసారి ఒక డేగకు ప్రయాణపు పెట్టె.
గంటకు పరుపేందమ్మా,
గంటంటే యాలాడాల గదా?

సంచిలోంచి గుడ్డ చుట్టిన కంచు తీసింది.
తోలు పిడి. లోపలి నాలుకకు
ముందుకూ వెనక్కూ తప్ప పక్కకు ఊపు లేదు.
"వీటిని పడుకోబెట్టి ఉంచుతామండి.
వంతొచ్చినప్పుడు లేపుతాం, మళ్ళీ పడుకోబెడతాం.
ఒక్కోసారి పరుపుకేసి కొడతాం, అదీ ఒక స్వరమే.
పరుపు పలచనైతే కింద చెక్క తగులుతుంది.
అంచు నొక్కుకుపోయిందా,
ఆ స్వరానికి ఇక ఆ పేరు చెల్లదు."
చైములకైతే రెండంగుళాలు చాలట,
నలుచదరపు గొట్టాలు, దొర్లవు.

మెత్తటిది చూపించాను.
గంట బురదలో గేదెలా కూరుకుపోయింది.
"లేపేటప్పుడు మణికట్టు లాగేస్తుందండి."
గట్టిది తెచ్చాను. పెట్టీ పెట్టగానే
గుమ్మడికాయలా దొర్లి అంచుదాకా పోయింది,
చున్నీలో పట్టుకుంది.
మధ్యది తెచ్చి పిడికిలితో నొక్కి వదిలాను.
ఒకటి, రెండు, మూడు అనేలోపే లేచింది.
"అలారం కంటే ముందు లేచే పనిమనిషి మాదిరి" అన్నాను.
ఆమె నవ్వలేదు.

పన్నెండు మంది చందా, ఇరవై ఆరు దీనార్లు.
షీటు ఖరీదు అందులో సగానికే సరిపోతుంది.
రెండంగుళాలవి రెండేసి అతికిస్తానన్నాను.
గమ్ము కొట్టి, ఆరబెట్టి, కబురు పెట్టాను.
ఈసారి పెద్ద గంట తెచ్చింది, కడవంత.
రెండు చేతులా ఎత్తి పరుపుకేసి దించింది.
చెవి వంచింది. నేనూ వంచాను.
"మధ్యలో ఏదో ఉందండి."

ఉంది. ఎండిన గమ్ము, అప్పడమంత పొర.
ముప్పై ఏళ్ళుగా ఆ పొర మీదే కూర్చున్నారు జనం,
ఒక్కరూ చెప్పలేదు.

ఆ రాత్రి ఒక దివానియాకు తెప్పించిన
ఏకఖండం షీటు పరిచి కోశాను.
అతుకుల వాటిని సోఫాలోకి దించి
పైన మెరూన్ వెల్వెట్ కప్పేశాను.
తప్పే. ముదీరు అడిగితే ఒప్పుకుంటాను.
ఇంతవరకు అడగలేదు.

తొడుగుకు గాళ్ళు గాళ్ళుగా ఉండే కార్డురాయ్,
ఆ గాళ్ళలో గంట కదలదు.
ముదురు నీలం. తెల్లది వద్దంది.
"వారమంతా తెల్లవే ఉతుకుతాం కదండీ."

శుక్రవారం జుమ్మా చదివి వ్యాను తీశాను.
చర్చి కాంపౌండులో నేలమాళిగ.
నల్ల చేతితొడుగులేసుకుని పన్నెండు మంది ఆడవాళ్ళు.
చెమట తగిలితే కంచు మసకబారుతుందట.
బ్లీచు తిన్న వేళ్ళు ఎవరివీ కనబడలేదు.

వాయించారు. బాగుందో లేదో తేల్చే విద్య నాకు లేదు.
నేను కాచుకున్నది ఆఖరి స్వరం తర్వాత కోసం,
ఇరవై నాలుగు గంటలు ఒక్కసారిగా
నీలం మీదికి వాలడం కోసం.
చైములు రెండు మాత్రం ఒకదాన్నొకటి గీరుకున్నాయి,
అది నా పని కాదు.
ఊపిరి బిగబట్టి విన్నాను.

"ఎలాగుందండీ మేస్త్రీ గారూ?"
"ఏమీ ఇనపళ్ళేదమ్మా."

ఈసారి నవ్వింది.