పదిహేడు చెవులు

మాసాబ్‌ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కంగ ఒకసారి,
చాదర్‌ఘాట్ వంతెన దిగంగ ఒకసారి,
నాంపల్లి స్టేషన్ ముందర, ఆటోలోళ్ల తిట్ల నడుమ
మూడుసార్లు.
పెరీన్ మేడం చిన్న డైరీల రాసుకొచ్చింది
తారీఖు, టైము, ఆ దినం ఎండ ఎంతుందో కూడ.

డెబ్బై నాలుగు మోడల్, రెండు సీట్ల బండి.
ఎరుపే, ఒకప్పుడు. ఇప్పుడు ఎండిన దానిమ్మ తొక్క రంగు.
పుత్లీబౌలిల నా దుకాన్ ముందట మాత్రం
సగం తిప్పితె చాలు, గుర్రుమని లేస్తది.
డాక్టరును చూడంగనె జ్వరం దిగిన పిల్ల లెక్క
రెండు కండ్లు తెరిచి అమాయకంగ చూస్తది.

"నీకు నమ్మకం లేదు కదా సంగమేశ్" అన్నది మేడం.
నమ్మకం సంగతి కాదమ్మా.
పెట్రోలు రాకుంటె ఆగుతది, నిప్పు రాకుంటె ఆగుతది.
ఏది రాలేదో
ఆగిన నిమిషంల చూడాలె.
ఆ నిమిషం నా దుకాన్‌కు రాదు.

పాయింట్లు గీకిన. కండెన్సర్ మార్చిన.
కాయిల్ వేడెక్కి సచ్చి, సల్లారి బతుకుతదేమొనని
గంటసేపు ఉన్నకాడనె నడిపిన,
చెయ్యి కాలింది గని అది చావలె.
ట్యాంకుకు గాలి ఆడ్తలేదేమొనని
మూత వదులు చేసి చెవి పెట్టిన. ఉస్సుమనలె.
కార్బురేటర్ గిన్నెల ఇంత మడ్డి దొరికింది.
దొంగ దొరికిండనుకున్న. కడిగిన.
ఇగ ఆగదని చెప్పి ఎనిమిదొందలు తీసుకున్న.

తెల్లారి ఫోను:
మొజంజాహి మార్కెట్ కాడ, పూల బండి ఎనుక.

ఆ ఎనిమిదొందలు జేబుల పురుగు లెక్క పాకినయి.
ఐతారం దుకాన్ మూసి నేనే పక్కసీట్ల కూసున్న.
కాయిల్ నుంచి వైరు లాగి
చిన్న బల్బు ఒళ్లె పెట్టుకున్న, కోడిపిల్లను పట్టుకున్నట్టు.
బల్బు వెలుగుతుండంగ బండి ఆగితె పెట్రోలు.
బల్బు పోతె కరెంటు.
కోఠి దాటినం. పుస్తకాల పేవ్‌మెంట్ దాటినం.
మేడం ఏదో చెప్తనే ఉంది, నేను ఇనలె,
ఒళ్లెకె చూస్తున్న.

ఉస్మానియా దవాఖాన ముందర స్పీడ్ బ్రేకర్.
బల్బు కన్ను కొట్టింది.
బండి ఆగింది.

అప్పుడు తల ఎత్తిన.
స్టీరింగ్ కింద ఊగుతున్నది గుత్తి,
ఇంకా ఊగుతనే ఉన్నది,
ఇంత లావు ఇత్తడి కడియానికి
పదిహేడు తాళం చెవులు.

"ఏ తలుపులమ్మా ఇవన్ని?"
"ఇది మా సోడా ఫ్యాక్టరీ గేటు.
గేటు ఎక్కడిది, ఫంక్షన్ హాల్ లేచింది.
ఇది సీసాల గోదాం. ఇది నాన్న ఇనుప పెట్టె.
ఇది..." అని చాలాసేపు పట్టుకున్నది దాన్ని.
"ఏమో, గుర్తు లేదు."

యాభై ఏండ్ల బరువుకు స్విచ్చి కడుపు అరిగింది.
గుంత వస్తె గుత్తి ఊగుతది,
లోపలి రేకు వెంట్రుకవాసి జరుగుతది.
ఊగుడు బందయితె మళ్ల అంటుకుంటది.
మేడం ఎండను రాసుకున్నది గని గుంతలు రాయలె.
నేనైతె మరీ.
పదిహేడు చెవులు మొకం ముందరనె ఏలాడుతుంటె
పోయి ట్యాంకు మూత కాడ చెవి పెట్టిన.

జాంబాగ్‌ల కొత్త స్విచ్చి దొరికింది.
ఒక్క చెవి ఇప్పి చేతిల పెట్టిన.
మిగతయి గ్లవ్ బాక్సుల వేసి మూసింది,
పారేస్తదని నేను అనుకోలె గూడ.
ఆరొందలు వాపసిచ్చిన.
కడిగిన కార్బురేటర్‌కు రెండొందలు ఉంచుకున్న.

"బాగైనట్టేనా?" అన్నది.
ఆగితె ఆగిందని తెలుస్తదమ్మా.
ఆగకుంటె
ఇంకా ఆగలేదని మాత్రమె తెలుస్తది.
డైరీ బందు చెయ్యకుండ్రి.

ఇయ్యాల్టికి ఇరవై మూడు దినాలు.
నిన్న దుకాన్ ముందు నుంచే పోయింది, ఆపకుంట,
చెయ్యి ఊపి.
డ్రైనేజి మూత మీద ఎగిరినప్పుడు
లోపల గల్లుమన్నయి పదహారు.