రెండు వేల గజాల పలక

ఒక్క తుపాకి ఎంచేదానికి
మూడు శుక్రవారాలు తిరిగినాడు చెంగల్రాయ మొదలారి,
చిత్తూరు చర్చివీధిలో
హయాత్ బాషా అంగడికి.
నాకప్పుడు పన్నెండేండ్లు.
ఇత్తడి కడ్డీ, నూనె గుడ్డ,
గొట్టాలు తుడిచేది నా పని.
ఒంటికన్ను పెట్టి లోపలికి చూస్తే
ఆ కొసన చిల్లికానంత వెలుతురు,
దాని చుట్టూ మెలికలు తిరిగిన గీతలు,
ఎండాకాలం బావిలోకి తొంగి చూసినట్టు.

యుద్ధం ముగిసి ఎనిమిదేండ్లు.
పటాలం వద్దనుకున్న సరుకు
మద్రాసు వేలంలో పాడుకుని
చెరుకు మోపుల మాదిరి తాళ్లతో బిగించి
కాట్పాడి మీదుగా రైల్లో తెచ్చినాడు బాషా.
సర్కారు తూటా మనకు పుట్టదు గాబట్టి
గొట్టాలు మార్చినాడు,
ముందు కర్ర కోసి పొట్టి చేసినాడు,
గాజు పెంకుతో గీకి, లక్క పూసి
షికారు తుపాకి అని పేరు పెట్టినాడు.
ఎంత గీకినా
దవడ ఆనే చోట కర్ర నల్లగానే ఉండేది.
ఎవరి చెమటో.

మొదలారికి ఎలుగొడ్డు కావల్ల.
భాకరాపేట కనుమలో ఆయన కట్టెల కూపు.
ఇద్దరు కూలోళ్ల మొగాలు చీల్చేసింది.
ఒకడు పోయినాడు.
రెండోవాడు మొగిలప్ప,
సంతలో బేరం చేసేటప్పుడు గూడా
మొగం మీది తువాలు తీసేవాడు కాదు.

బల్ల మీద రెండు మిగిలినాయి.
ఒకదాని కర్ర మీద కత్తితో పెట్టిన గాట్లు, ఏడు.
మొదలారి వేలితో తడిమి లెక్కపెట్టినాడు.
"చెయ్యి తిరిగింది ఇది" అన్నాడు.
బాషా ధర ఇరవై రూపాయలు పెంచినాడు.

రెండోదాని మడమకు చిన్న ఇత్తడి తలుపు.
తుడుస్తా తుడుస్తా గోరుతో తెరిస్తే
లోపల నూనె సీసా, దారం చుట్ట,
అడుగున ఒక వక్క పలుకు.
ఏ ఎడారిలో దాచుకున్నాడో
మన పక్కోడు.
నేనెవరికీ చెప్పలేదు.

అడవి తోడుకు వచ్చిన యానాది గంగులు
మెట్టు దిగువనే కూర్చోనుండాడు.
తుపాకుల్ని ముట్టుకోలేదు.
వెనక గురి దగ్గర లేచి పడుకునే ఇనప పలకను చూపించి
"ఆ గీతలేంది సాయిబూ?" అన్నాడు.
"గజాలు. రెండు నూర్ల కాడ మొదలు,
రెండు వేల దాకా."
"రెండు వేలంటే?"
"ఈ మెట్టు మీద నిలబడి
నీవా ఏటికి అవతల కొట్టేది."
గంగులు నవ్వినాడు, పండ్లన్నీ కనబడేటట్టు.
"మా అడివిలో నలభై బారలు దాటితే
చూపే పోదు గదయ్యా.
పొద, బండ, మళ్లా పొద.
అంత దూరాన, అంత కొలతేసి కొట్టేదానికి
ఆడ ఏముంటాది?
మనిసే గదా."

బాషా లేని పనేదో వెతుక్కున్నాడు.
తర్వాత ఒప్పుకున్నాడు:
దగ్గరి జంతువైతే తూటా నాలుగు వేళ్లు పైన పోతాది,
ముందు గింజ మీద ఇత్తడి ముక్క అతికి
ఎత్తు చేసిస్తానని.
"రెండోది తీసుకో సామీ" అన్నాడు గంగులు.
ఎందుకో చెప్పలేదు.
మొదలారి ఏడు గాట్లదే కొన్నాడు.
ఇత్తడి ముక్కకు ఆగే ఓపిక లేదు.

పది దినాలకు గంగులే వచ్చి చెప్పినాడు.
మొదటి రెండు తూటాలూ దాని వీపు మీదుగా పోయినాయంట.
పారిపోలేదంట ఎలుగొడ్డు.
తిరిగి, వెనక కాళ్ల మీద లేచి
చేతులు చాపి నిలబడిందంట.
మనిషెత్తు.
మూడో తూటా తప్పలేదు.

ఎనిమిదో గాటు నన్ను పెట్టమన్నాడు మొదలారి,
బల్ల మీద అణా పెట్టి టీ తాగను పోయినాడు.
ఏడూ ఒకే లోతు, ఒకే వాలు.
తొందర లేని చెయ్యి.
కత్తి మొన కర్ర మీద ఆనించి
చానాసేపు కూర్చున్నాను.
ఎదురుగా గోడకు ఆనుకుని
వక్క పలుకుది
ఇంకా అమ్ముడుపోలేదు.